‘డాక్టరు పంచనామా చేశాడు’ అనవచ్చా? దర్యాప్తు, విచారణ, ఆరా

ప్రశ్న (రాజోలు): ఒక కథ చిత్తుప్రతిలో ఈ వాక్యం ఉంది: “సర్పంచ్ శవం లాకుల దగ్గర తేలింది. ఏరియా ఆసుపత్రి డాక్టరు పంచనామా చేసి, హత్య అని తేల్చి, విచారణ మొదలుపెట్టాడు.” కోనసీమలో ఒక చిన్న ఊరి పంచాయతీ రాజకీయం కథ. చదువుతుంటే ఎక్కడో తేడాగా ఉందండి. మాటలు సరిచేయగలరా?

కాకినాడ: మూడు తప్పులున్నాయండి, మూడూ మాట దగ్గరే. పంచనామా డాక్టరు పని కాదు, పోలీసుది. సంస్కృతం ‘పంచ’కు ఫార్సీ ‘నామా’ (రాతపత్రం) చేరిన మాట అది. పేరులో అయిదున్నా చట్టం అడిగేది ఆ చుట్టుపక్కల ఉండే ఇద్దరు, అంతకంటే ఎక్కువమంది పెద్దమనుషుల్ని. ఇది పాత సీఆర్‌పీసీ (నేర ప్రక్రియా స్మృతి)లో 174వ సెక్షను, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 194. మన స్టేషన్లలో దీన్నే ‘శవ పంచాయతీ’ అని కూడా అంటారు. పంచాయతీ ప్రెసిడెంటు కథలో ఆ మాట వాడితే పాఠకుడు తికమకపడతాడు కాబట్టి ‘శవ పంచనామా’ అనే రాయండి. అది అయ్యాక పోలీసు కాగితం ఇస్తేనే డాక్టరు శవాన్ని ముట్టుకుంటాడు. ఆయన చేసేది శవపరీక్ష. ఊళ్లో మాత్రం ఎవరూ అలా అనరు, పోస్టుమార్టం అంటారు. ఇంటివాళ్లయితే “కోయకుండా ఇచ్చేయండి బాబూ” అని బతిమాలతారు. సంభాషణలో ఆ ‘కోత’ మాటే పెట్టండి, దాని బరువు ‘శవపరీక్ష’కు రాదు.

భీమవరం: పంచనామాలో ఏముంటుందన్నది కథకు ముఖ్యం. శవం ఎక్కడ, ఏ తీరులో ఉంది, పైకి కనిపించే గాయాలేమిటి, చావుకు పైకి తోచే కారణమేమిటి, అంతే. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అన్నది దాని పరిధిలోకి రాదని 1975లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. సంతకాలు పెట్టిన పెద్దమనుషులు ఏ వర్గం వాళ్లు అన్నది మీ కథకు అసలు ముడి కావచ్చు. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు, అయినా ఫలానా పార్టీ ‘బలపరిచిన’ అభ్యర్థి అని ఊరంతా అంటుంది. ఇంకొకటి: సర్పంచ్ పోతే మళ్లీ ఎన్నిక జరిగేదాకా ఆ పనులు ఉప సర్పంచ్ చేతికి వస్తాయి. అనుమానం మొదట అటే తిరుగుతుంది. అందుకే నిజం అటు ఉండకూడదని నా అభిప్రాయం.

కాకినాడ: రెండో తప్పు ‘విచారణ’. దర్యాప్తు పోలీసుది, విచారణ కోర్టుది. పత్రికలు రెండూ కలిపేస్తున్నాయి, అది నాకు నిజంగా బాధ. డాక్టరుకు ఈ రెండూ లేవు. ఆయన చేయగలిగింది ఆరా తీయడం, వాకబు చేయడం, కూపీ లాగడం. ఈ మూడింటికీ తేడా ఉంది. ‘ఆరా తీశాడు’ అంటే తెలుసుకోవాలన్న కుతూహలం. ‘వాకబు చేశాడు’ అంటే నలుగురినీ అడిగాడు, దాపరికం లేదు. ‘కూపీ లాగాడు’ అంటే ఎదుటివాడు దాస్తున్నాడు. మీ డాక్టరు ఒక మాటలో మొదలై ఇంకో మాటలోకి జారితే, కథ ఎటు పోతోందో క్రియలే చెప్పేస్తాయి.

మూడోది ‘హత్య అని తేల్చి’. డాక్టరు రిపోర్టులో ‘హత్య’ అని రాయడు. చావుకు కారణం, గాయాలు ఎలాంటివి, అవి చావుకు ముందువా తర్వాతవా అన్నది రాస్తాడు. హత్య అనడం కోర్టు పని.

పాలకొల్లు: గాయాల మాటలు జాగ్రత్త. ‘నరికిన గాయం’ అని అన్నింటికీ రాసేస్తుంటారు. కర్రతోనో రాయితోనో తల మీద కొడితే చర్మం చిట్లుతుంది. అంచులు చిందరవందరగా, లోపల పోగులు తెగకుండా వంతెనలా ఉంటాయి. అది చిట్లిన గాయం. కత్తి కోత అంచులు సాఫీగా ఉంటాయి, లోపల ఆ పోగులు మిగలవు. తల మీద చర్మం ఎముకకు బిగుతుగా ఉంటుంది కాబట్టి కర్ర దెబ్బ కూడా కత్తి కోతలా కనిపిస్తుంది. పైపైన చూసిన పోలీసు పంచనామాలో ‘కత్తి గాయం’ అని రాస్తాడు, డాక్టరు లోపలి పోగులు చూసి ‘చిట్లిన గాయం’ అంటాడు. సంక్రాంతికి కోడి కత్తులు కట్టే ఊళ్లో ఈ ఒక్క మాటతో ఒక అమాయకుడు జైల్లోంచి బయటికి రావచ్చు.

అమలాపురం: నీటి సంగతి. శవం కొయ్యబారడం మన వాతావరణంలో రెండు మూడు గంటల్లో మొదలవుతుంది, సుమారు పన్నెండు గంటలకు ఒళ్లంతా బిగుస్తుంది. ఎండాకాలంలో తొందరగా వచ్చి తొందరగా పోతుంది. నెత్తురు కిందివైపుకు దిగి ఊదారంగు మచ్చలు పడతాయి. బోర్లా తేలిన శవానికి వీపు మీద స్థిరంగా మచ్చలుంటే, ముందు వెల్లకిలా పడుకోబెట్టి తర్వాత నీళ్లలో వేశారని అనుమానించాలి. కానీ పారే కాలువలో శవం దొర్లుతూ పోతే ఈ మచ్చలు సరిగా ఏర్పడవు, అప్పుడు వాటిని నమ్ముకోకూడదు. పిడికిట్లో గుర్రపు డెక్క (కాలువల్లో తేలే మొక్క) బిగుసుకుని ఉంటే ప్రాణంతో నీళ్లలో పడ్డాడనడానికి మంచి గుర్తు. తొడ ఎముక మూలుగలో డయాటమ్‌లు (నీళ్లలో ఉండే, కంటికి కనిపించని నాచు కణాలు) వెతుకుతారు. అక్కడి నీళ్ల నమూనా కూడా తీస్తేనే పోల్చడానికి వీలు. కాలువ నీళ్లకూ రొయ్యల చెరువు నీళ్లకూ తేడా బయటపడేది ఆ సీసాతోనే. డయాటమ్‌లు దొరకనంత మాత్రాన మునిగి చావలేదని అనకూడదు.

పాలకొల్లు: పురుగుమందు అనుమానమైతే పొట్ట, పేగు ముక్క, కాలేయం, రెండు మూత్రపిండాల్లో సగం సగం తీసి ఉప్పు ఇక కరగనంతగా కలిపిన నీళ్లలో పెడతారు. ఫార్మలిన్ పోయకూడదు, విషం వేరుచేయడం కష్టమవుతుంది. జాడీలో మూడోవంతు ఖాళీ వదలకపోతే లోపలి వాయువుకు మూత లేస్తుంది. ల్యాబు రిపోర్టు వచ్చేదాకా డాక్టరు వాక్యం “అభిప్రాయం రిజర్వు చేయడమైనది” అనే.

భీమవరం: ఇంకో ప్రమాదం ఉంది. ఆసుపత్రిలో ‘ఎమ్మెల్సీ రాయండి’ అంటే పోలీసుకు చెప్పాల్సిన కేసుగా నమోదు చేయమని. రాజకీయ కథలో అదే మాట శాసనమండలి సభ్యుడు. నర్సు నోట ‘పోలీసు కేసు’ అనిపించండి, ఎమ్మెల్యే మనుషుల నోట రెండో అర్థంలో ‘ఎమ్మెల్సీ’ ఉండనివ్వండి.

ప్రశ్న (రాజోలు): ఇలా మార్చానండి: “మే నెలలో ఓ తెల్లవారుజామున ప్రెసిడెంటుగారి శవం లాకుల దగ్గర కాలువలో తేలింది. పోలీసులు శవ పంచనామా చేసి ఆసుపత్రికి పంపారు. పోస్టుమార్టం చేసిన డాక్టరు, తల మీద గాయం కత్తిది కాదని రాశాడు. ఆ సాయంత్రమే ఊళ్లో వాకబు మొదలుపెట్టాడు.”

అమలాపురం: మాటలన్నీ కుదిరాయండి. ఒక్క ‘మే నెల’ తీసేయండి. అప్పటికి కాలువలు కట్టేసి ఉంటాయి, లాకుల దగ్గర శవం తేలేంత నీళ్లుండవు. ఆగస్టు చేయండి. లేదా మే నెలే కావాలంటే శవాన్ని రొయ్యల చెరువులో తేల్చండి, అప్పుడు ఆ చెరువు ఎవరిదన్న ప్రశ్న మీ డాక్టరుకు మొదటి రోజే ఎదురవుతుంది.