పీరియడ్స్ రికార్డు హెచ్‌ఆర్‌కి ఎంతవరకు చూపాలి?

శ్రీసిటీ బి షిఫ్ట్: నెలకు రెండు రోజులు నిలబడే లైన్ నుంచి కూర్చునే పనికి మార్చమని అడగాలి. యాప్‌లో ఆరు నెలల లెక్క ఉంది. ఏది ఇవ్వాలి, ఏది దాచాలి?

కపిలతీర్థం: యాప్ చూపొద్దు చెల్లీ. అందులో కలయిక, గర్భం ప్రయత్నం కూడా ఉంటాయి. మూడు నెలలది కాగితం మీద ఎత్తి రాయి: మొదలైన తేదీ, ఎన్ని రోజులు, రోజుకెన్ని ప్యాడ్లు, నొప్పికి ఎన్ని మాత్రలు. గంటకో ప్యాడ్ తడుస్తున్నా, ఏడు రోజులు దాటుతున్నా డాక్టరుకు ముందు అదే చెప్పు. హిమోగ్లోబిన్ 12 లోపుంటే రక్తహీనత. ఇదంతా డాక్టరుకే. హెచ్‌ఆర్‌కి డాక్టరు రాసిచ్చే చీటీ ఒక్కటే.

మాజీ హెచ్‌ఆర్: చీటీలో జబ్బు పేరు లేకుంటే ఎవరూ తీసుకోరు. పదిహేనేళ్ల అనుభవంతో చెప్తున్నా.

కపిలతీర్థం: పదిహేనేళ్లూ తప్పే చేసినట్టున్నారు సార్. చీటీలో ఉండాల్సింది జబ్బు పేరు కాదు, ఏ పని చేయకూడదో అది. ‘నెలలో 2 రోజులు గంటకు మించి ఏకధాటిగా నిలబడరాదు, రెండు గంటలకోసారి 10 నిమిషాల విరామం, ఆరు నెలలకు మళ్లీ పరీక్ష.’ చాలదా?

మాజీ హెచ్‌ఆర్: దొంగ చీటీలు ఎన్నొస్తాయో మీకేం తెలుసు?

కపిలతీర్థం: అనుమానముంటే డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు చూసుకోండి. గర్భసంచిలో ఏముందో మీకెందుకు?

చిత్తూరు మామిడి: ఈ గొడవెందుకప్పా, ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) ఉంది కదా? జబ్బు సెలవు పెడితే 70 శాతం జీతం వస్తుంది.

పుత్తూరు కట్టు: దీనికి రాదు. జబ్బు సెలవు ప్రతి విడతలో మొదటి రెండు రోజులకు డబ్బుండదు. పాత విడత ముగిసిన 15 రోజుల్లోపు మళ్లీ మొదలైతేనే మినహాయింపు. నెలకోసారి వచ్చేదానికి ఎట్లా కుదురుతుంది?

చిత్తూరు మామిడి: కర్ణాటకలో 2025 నుంచి నెలకో రోజు జీతంతో సెలవంట.

పుత్తూరు కట్టు: అది కుప్పం దాటాక. బీహార్‌లో ప్రభుత్వ ఉద్యోగినులకు 1992 నుంచే రెండు రోజులుంది. మన లైన్‌కి ఏం ఒరిగింది?

పద్మసరోవరం: అడిగింది వదిలేశారు. దాచాల్సిన చోట పీడీఎఫ్ మీద నల్లగీత పెట్టి పంపకండి, గీత తీసేస్తే అక్షరాలు కింద అట్లే ఉంటాయి. ప్రింటు తీసి, తెల్లకాగితం అడ్డంపెట్టి స్కాన్ చేయండి. లైన్ వాట్సాప్ గ్రూపులో పెట్టనే వద్దు. సూపర్‌వైజరుకు పని మార్పు తెలిస్తే చాలు. అర్జీలో ‘ఈ పని మార్పు కోసం మాత్రమే’ అని రాసి, నకలు మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. ఫ్యాక్టరీ డిస్పెన్సరీ రిజిస్టరు కూడా చూసుకోండి, చాలాచోట్ల బల్లమీద తెరిచే ఉంటుంది.

శ్రీసిటీ బి షిఫ్ట్: పాత రిపోర్టులు డాక్టరు దగ్గరే ఉన్నాయక్కా. ఇవ్వకపోతే?

పద్మసరోవరం: 2002 వైద్య నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. రాసి అడుగు. నోటిమాటైతే గంటలు ఎప్పుడు మొదలయ్యాయో తేలదు.