పాత హైబ్రిడ్ కారు ఏం చూసి కొనాలండి?

అమలాపురంలో 2022 టయోటా హైరైడర్, స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజనుతో పాటు బ్యాటరీ మోటారుతోనూ నడిచేది), బేరానికొచ్చిందండి. 70 వేల కిలోమీటర్లు తిరిగింది. బ్యాటరీ పోతే లక్షల్లో వదులుతుందని మా బావగారు వద్దంటున్నారు. నిజమేనా?

రావులపాలెం మెకానిక్: హైబ్రిడ్ బ్యాటరీకి కంపెనీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. దాని గురించి బెంగ వద్దండి. నా భయమల్లా వరద నీళ్లే. నీట మునిగిన బండికి వారంటీ పనిచేయదు. కార్పెట్ ఎత్తి కింద స్పాంజి నొక్కి చూడండి. సీటు బెల్టు చివరంటా లాగండి, సీటు బోల్టుల తుప్పు చూడండి. పైపైన ఎంత కడిగినా గోదారి ఒండ్రు ఆ సందుల్లోంచి పోదు. నారింజ రంగు వైర్ల మీద మాత్రం చెయ్యెయ్యకండి, హై వోల్టేజీ.

భీమవరం నుంచి: బ్యాటరీకి గాలి వెళ్లే జాలీ కూడా చూడండి. దుమ్ము పట్టేస్తే బ్యాటరీ వేడెక్కిపోద్ది.

రావులపాలెం మెకానిక్: బాగా గుర్తుచేశారు. సర్వీసు సెంటర్లో స్కానర్ పెట్టించి బ్యాటరీ బ్లాకుల (లోపలి సెల్స్ గుంపుల) వోల్టేజీలు పోల్చమనండి. ఒకటి మిగతావాటికంటే బాగా తగ్గితే వద్దు. అమ్మేవారు స్కానుకి ఒప్పుకోకపోతే అడ్వాన్స్ ఇవ్వకండి.

అడిగినవారు: ఆయ్, ఆదివారం కార్పెట్ ఎత్తించే మాట్లాడతానండి.