ఎంఏ ఇంగ్లిష్ ఎంట్రన్స్ రాసినవాళ్లు మీ అనుభవం చెప్పండి

పరకాల చెల్లె:
డిగ్రీ హెచ్ఈపీ (హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్), తెలుగు మీడియం. సీపీగెట్‌లో, అంటే తెలంగాణ యూనివర్సిటీల పీజీ ఎంట్రన్స్‌లో, ఎంఏ ఇంగ్లిష్‌కి అప్లై చేశాను. సెంటర్ వరంగల్ పెట్టుకున్నాను. "ఇంటర్ దాకా ఇంగ్లిష్‌లో పాసైతే చాలు అనుకున్నదానివి, ఇప్పుడు ఇంగ్లిష్ ఎంఏనా" అని మా బావ నవ్వుతున్నాడు. పేపర్ ఎలా ఉంటుంది? ఎక్కడ మొదలుపెట్టాలి? రాసిన అన్నలు, అక్కలు చెప్పండి.

సుబేదారి సీనియర్:
మీ బావను నవ్వనీ. వంద ప్రశ్నలు, గంటన్నర టైమ్, అన్నీ నాలుగింట్లో ఒకటి ఎంచుకునేవే. తప్పు పెడితే మార్కు పోదు కాబట్టి ఒక్కటి కూడా ఖాళీగా వదలొద్దు. నేను రాసినప్పుడు చివరి ఐదు నిమిషాల్లో తొమ్మిది ప్రశ్నలకు 'సి' కొట్టుకుంటూ పోయా. ఎన్ని తగిలాయో దేవుడికే తెలియాలి.
హెచ్ఈపీ అని బాధపడకు, హిస్టరీ నీకు పెట్టుబడి. ఇంగ్లిష్ సాహిత్య చరిత్రను రాజుల లెక్కన గుర్తుపెట్టుకో. మొదటి ఎలిజబెత్ 1558 నుంచి 1603, రెస్టొరేషన్, అంటే రాజరికం తిరిగొచ్చింది 1660, విక్టోరియా 1837 నుంచి 1901. ఈ మేకులు కొట్టుకుంటే రచయితలను ఒక్కొక్కరినే తగిలించొచ్చు. మా పేపర్‌లో నాటకాలను కాలాల వారీగా జతపరచమన్నారు. షేక్‌స్పియర్ అనగానే అందరం ఎలిజబెత్ అనేస్తాం. 'మాక్‌బెత్' వచ్చేసరికి ఆమె పోయి జేమ్స్ గద్దెమీద ఉన్నాడు. నేను అక్కడే పడ్డాను.

బీఎస్సీ బాధితుడు:
నేను ఎంపీసీ చదివి రాశాను. లిటరేచర్ కన్నా ఫోనెటిక్స్, అంటే ధ్వనుల పాఠం, భయపెట్టింది. ఆర్‌పీలో (బ్రిటిష్ ప్రామాణిక ఉచ్చారణలో) 44 ధ్వనులు: 20 అచ్చులు, 24 హల్లులు. బట్టీ పడితే అయిపోయేదే, కానీ మన నోరు అడ్డం వస్తుంది. 'గేట్' అంటే మనకు ఒకటే ఏకారం. ఆర్‌పీలో అది ఒక అచ్చు మీంచి ఇంకో అచ్చు మీదికి జారుతుంది, అంటే డిఫ్తాంగ్. 'కోట్' కూడా అంతే. 'డిఫ్తాంగ్ ఉన్న పదం ఏది' అన్న ప్రశ్నకు నేను 'గేట్' మీద కర్సర్ పెట్టి, "ఇది మామూలు దీర్ఘమే కదా" అని పక్కది నొక్కా.
ఇంకో గుంత 'వ'. ద్రాక్షతీగను 'వైన్' అని రాస్తాం, ద్రాక్షసారాను కూడా 'వైన్' అనే రాస్తాం. ఇంగ్లిష్‌లో మొదటిదానికి కింది పెదవి పై పళ్లకు తగలాలి, రెండోదానికి రెండు పెదవులూ గుండ్రంగా ముడవాలి. అద్దం ముందు నిలబడి పదిసార్లు అంటే పట్టు దొరుకుతుంది. ఇంట్లోవాళ్లు చూడకుండా.

ములుగురోడ్డు మాస్టారు:
తెలుగు మీడియం వాళ్లకు ఒక లాభం ఉంది, ఎవరూ చెప్పరు. ఛందస్సు. ఇంగ్లిష్ పద్యాల్లో ఎక్కువగా కనిపించే నడక ఆయాంబిక్ పెంటామీటర్ అనగానే పిల్లలు బెదిరిపోతారు. ఆయాంబ్ అంటే మన 'వ' గణం, లఘువు తర్వాత గురువు. పంక్తికి అలాంటివి ఐదు. ట్రోకీ దానికి తిరగేసింది, గురువు తర్వాత లఘువు. డాక్టిల్ మన 'భ' గణం, అనపీస్ట్ మన 'స' గణం. పదో తరగతిలో 'భ ర న భ భ ర వ' అని ఉత్పలమాలకు గణవిభజన చేసినవాళ్లకు ఇది పావుగంట పని.
అయితే ఒక్క జాగ్రత్త. మనది అక్షరం పొడవు లెక్క, వాళ్లది ఒత్తి పలకడం లెక్క. 'టేబుల్' మన లెక్కలో రెండు గురువులు, చివర పొల్లు ఉంది కాబట్టి. ఇంగ్లిష్‌లో 'టే' మీద ఒత్తు, 'బుల్' తేలిక. ట్రోకీ అయింది. పెన్సిల్ పట్టుకోకుండా బల్ల మీద చేత్తో కొట్టి చూడండి, తెలిసిపోతుంది.

పరకాల చెల్లె:
మాస్టారూ, ఇప్పుడే బల్ల మీద కొట్టి చూశాను. నిజమే! ఉత్పలమాల నాకు ఇంకా నోటికి వచ్చు.

హంటర్‌రోడ్ ఆమె:
సిలబస్ సంగతి వాళ్లు చెప్పారు, నేను గేటు దగ్గర సంగతి చెప్తా. నేను రాసిన ఏడాది పరీక్ష ఆషాఢంలో పడింది. ముందురోజు అమ్మమ్మ చేతుల నిండా గోరింటాకు పెట్టింది, వేళ్ల కొసలకు టోపీల్లాగా. తెల్లారి సెంటర్‌లో వేలిముద్ర మిషన్ ఏ వేలినీ గుర్తుపట్టలేదు. బొటనవేలు, చూపుడువేలు, మళ్లీ బొటనవేలు. వెనకాల లైన్‌లో గొణుగుడు మొదలైంది. చెంగుతో తుడుచుకుంటే ఇంకా ఎర్రగా కనబడింది తప్ప లాభం లేదు. చివరికి ఎడమచేతి చిటికెనవేలు పలికింది. సీట్లో కూర్చునేసరికి నా గుండె చప్పుడు నాకే వినిపిస్తోంది. మొదటి ఇరవై ప్రశ్నలు ఏం చదివానో గుర్తు లేదు, మళ్లీ వెనక్కి వచ్చి చదవాల్సి వచ్చింది. హాల్‌టికెట్ మీద సూచనలు చదవండి తల్లీ, నేను చదవలేదు.
సెంటర్ కూడా ముందురోజే చూసి రండి. నాది ఊరి బయట, హన్మకొండ బస్టాండు నుంచి రెండు బస్సులు. ఆటో అతను కాలేజీ పేరు విని, పక్కనున్న అదే పేరు స్కూలు ముందు దింపాడు.

కరీంనగర్ బస్సు:
సీపీగెట్ ఒక్కటే నమ్ముకోకండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కావాలంటే సీయూఈటీ పీజీ, అంటే సెంట్రల్ యూనివర్సిటీల పీజీ ఎంట్రన్స్, రాయాలి. 75 ప్రశ్నలు, సరైనదానికి 4, తప్పుకు ఒకటి కోత. సుబేదారి సీనియర్ చెప్పిన 'సి' మంత్రం అక్కడ పారదు. రెండూ రాసిన నేను సీయూఈటీలో పదకొండు వదిలేశాను, అది మంచిదే అయింది.
ఇండియన్ ఇంగ్లిష్‌ను చిన్నచూపు చూడొద్దు. సరోజినీ నాయుడు మొదటి కవితా సంపుటి 'ది గోల్డెన్ థ్రెషోల్డ్', 1905. అబిడ్స్‌లో ఆమె ఇంటికి కూడా అదే పేరు. సెంట్రల్ యూనివర్సిటీ 1974లో మొదలైంది ఆ ఇంట్లోనే. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఈ ముక్క చదివా, ఇప్పటికీ మర్చిపోలేదు.
వెబ్ ఆప్షన్లప్పుడు, అంటే ఆన్‌లైన్‌లో కాలేజీలు ఎంచుకునేటప్పుడు, కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్యాంపస్ ఒక్కటే పెట్టి కూర్చోకండి. నేను అలాగే చేస్తే మొదటి విడతలో ఏమీ రాలేదు. రెండో విడతలో కరీంనగర్‌లోని శాతవాహన యూనివర్సిటీ పెట్టాను, సీటు వచ్చింది. రోజూ బస్సు, అందుకే ఈ పేరు.

బీఎస్సీ బాధితుడు:
చెల్లె, పాత పేపర్లు గంటన్నర టైమ్ పెట్టుకుని కంప్యూటర్ మీదే చెయ్యి. కాగితం మీద చేసి అలవాటైతే స్క్రీన్ మీద పద్యం చదవడం చాలా కష్టం.

పరకాల చెల్లె:
అందరికీ థ్యాంక్స్. ఊళ్లో నెట్ సెంటర్ అన్నతో మాట్లాడాను, మధ్యాహ్నం పూట సిస్టమ్ ఖాళీగా ఉంటుందట, గంటకు ఇరవై తీసుకుంటానన్నాడు. గోరింటాకు సంగతి అమ్మకు చదివి వినిపించాను. "ఆషాఢంలో పెట్టుకోకపోతే ఎట్లా" అని కాసేపు ఆలోచించి, "కాళ్లకు పెడతలే" అంది.