కొత్త టైర్లు వేసిన తరువాత స్టీరింగు ఎడమవైపుకు లాగుతోంది: లోపం టైరుదా, అలైన్‌మెంటుదా?

ప్రశ్న

పది రోజుల క్రితం నా కారుకు నాలుగు టైర్లూ మార్పించాను. ముందు చక్రాలకు ఇంజను బలం అందే చిన్న కారు ఇది. పాత టైర్లు 48,000 కిలోమీటర్లు తిరిగి బాగా అరిగిపోయాయే తప్ప, వాటితో కారు ఏనాడూ పక్కకు పోలేదు. కొత్తవి వేసిన రోజే అలైన్‌మెంటూ (చక్రాల కోణాలు సరిచేయడం) బ్యాలెన్సింగూ (చక్రం చుట్టూ బరువు సమానం చేయడం) చేయించాను. అయినా గంటకు 60 కిలోమీటర్ల వేగం దాటగానే స్టీరింగు ఎడమవైపుకు లాగుతోంది; 80 వద్ద పట్టు కాస్త సడలిస్తే నాలుగైదు సెకన్లలో కారు రోడ్డు అంచు గీత మీదికి చేరుతోంది. గంటసేపు నడిపితే భుజం పట్టేస్తోంది.

తిరిగి తీసుకువెళితే మళ్లీ అలైన్‌మెంటు చేసి, అంకెలన్నీ ఆకుపచ్చగా ఉన్న కాగితం చేతికిచ్చి, కొత్త టైర్లు కనుక 500 కిలోమీటర్లు తిరిగితే సర్దుకుంటుందని చెప్పారు. ఇప్పటికి 600 తిరిగింది, మార్పేమీ లేదు. మూడోసారి అలైన్‌మెంటుకు డబ్బు పెట్టేముందు నేను స్వయంగా ఏమైనా తేల్చుకోగలనా?

మొదటి సమాధానం

ముందుగా లాగుడు ఎప్పుడు వస్తోందో గమనించండి. బ్రేకు తొక్కినప్పుడే లాగితే అది బ్రేకుల సంగతి. యాక్సిలరేటరు గట్టిగా తొక్కినప్పుడే లాగి, వదలగానే పోతే అది ముందు చక్రాల కార్లలో కొంతవరకు సహజం. కారు తిన్నగానే పోతూ స్టీరింగు చక్రం మాత్రం వంకరగా నిలబడితే అది టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సర్దుబాటుకు సంబంధించినది, లాగుడు కాదు. ఈ మూడింటినీ కలగలిపి "స్టీరింగు లాగుతోంది" అని ఒకే మాటతో చెప్పడం వల్లనే సగం మరమ్మతులు దారి తప్పుతాయి.

రెండవది గాలి. ఉదయం, కారు కదిలించకముందు, మీ సొంత గేజితో చూడండి. గాలి తక్కువగా ఉన్న చక్రం వైపుకే కారు లాగుతుంది. టైరును రిమ్ముపై కూర్చోబెట్టడానికి ఎక్కువ గాలి కొట్టి, తరువాత సరిచేయడం మరిచిపోవడం కొత్తగా వేసినప్పుడు తరచుగా జరిగే పొరపాటు.

రోడ్డు వాలును కూడా లెక్కలోకి తీసుకోండి. నీరు పారడానికి రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు కనుక ప్రతి కారూ అంచువైపుకు కొద్దిగా జారుతుంది. అదే రోడ్డుపై వెనక్కి తిరిగి నడిపినా మీరు మళ్లీ అదే చేతి పక్కన, అదే వాలుమీద ఉంటారు కనుక ఆ పరీక్ష దేనినీ తేల్చదు. సమతలంగా ఉన్న విశాలమైన ఖాళీ స్థలం దొరికితే అక్కడే చూడండి.

రెండవ సమాధానం

పై మాటలన్నీ సరైనవే, కానీ మీరు చెప్పిన లక్షణాలకు నా అనుమానం నేరుగా టైరుమీదికే పోతోంది. కాగితపు గ్లాసును నేలమీద అడ్డంగా పడవేసి దొర్లించి చూడండి: అది తిన్నగా పోదు, మూతికంటే అడుగు సన్నం కనుక అడుగువైపుకు తిరుగుతూ గుండ్రంగా చుట్టి వస్తుంది. టైరు లోపలి ఉక్కు బెల్టు తయారీలో నడుమకు కాక ఒక పక్కకు ఏమాత్రం జరిగినా, ఆ టైరు బరువు కింద నొక్కుకుని దొర్లేటప్పుడు ఆ గ్లాసులాగే ప్రవర్తిస్తుంది. దీనిని కోనిసిటీ అంటారు. ఇది కంటికి కనబడదు. అలైన్‌మెంటు యంత్రం రిమ్ము ఏ కోణంలో ఉందో కొలుస్తుంది గానీ టైరు లోపల ఏముందో దానికి తెలియదు. అందుకే మీ కాగితం పచ్చగా ఉంది. మామూలు బ్యాలెన్సింగు యంత్రానికీ ఇది దొరకదు, రోలరుతో టైరును ఒత్తి పక్కబలాన్ని కొలిచే రకం యంత్రం కావాలి. ఇది తయారీలోనే వచ్చిన లోపం కనుక తిరిగితే సర్దుకుంటుందన్న మాటను నమ్మకండి. కొత్త టైరు పైపొర కొన్ని వందల కిలోమీటర్లలో గరుకెక్కి పట్టు మెరుగవుతుంది, అంతవరకే.

పరీక్ష సులువు. ముందరి రెండు చక్రాలనూ రిమ్ములతో సహా ఎడమది కుడికీ, కుడిది ఎడమకూ మార్చి, అదే రోడ్డుపై, అదే వేగంతో నడపండి. లాగుడు దిశ మారి కుడికి వస్తే లోపం ఆ రెండు టైర్లలో ఒకదానిదే. మార్చేముందు ప్రతి టైరు పక్కన సుద్దతో "ముందు ఎడమ", "ముందు కుడి" అని రాసుకోండి, తరువాత ఏది ఏదో గుర్తుండదు. టైరుపై తిరిగే దిశ చూపే బాణం ఉంటే ఈ మార్పిడితో అది వెనక్కి తిరుగుతుంది. పొడి రోడ్డుపై కొద్ది దూరం పరీక్షకు తప్ప అలా నడపవద్దు. నట్లను మొదట చేత్తో ఎక్కించి, కారు కిందికి దించిన తరువాత ఎదురెదురు నట్లను వరుసగా బిగించండి.

మూడవ సమాధానం

చక్రాలు మార్చినా లాగుడు ఎడమకే ఉండిపోతే ఏం చేయాలో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే "కాగితం పచ్చగా ఉంది" అన్న ఒక్క మాటతో అలైన్‌మెంటును విడిచిపెట్టడానికి వీలులేదు. ఒక్కొక్క చక్రానికీ అనుమతించిన పరిధి వెడల్పుగా ఉంటుంది. ఉదాహరణకు క్యాంబరుకు (ఎదురుగా చూస్తే చక్రం పక్కకు ఒరిగిన కోణం; పైభాగం బయటికి ఒరిగితే ప్లస్, లోపలికి అయితే మైనస్) మైనస్ 1.0 డిగ్రీ నుంచి ప్లస్ 0.5 వరకు పచ్చరంగు అనుకుందాం. ఎడమ చక్రం ప్లస్ 0.3, కుడి చక్రం మైనస్ 0.8 ఉంటే రెండూ పచ్చగానే కనబడతాయి, కానీ వాటి మధ్య తేడా 1.1 డిగ్రీలు, కారు ఎడమకు లాగుతుంది. క్యాంబరు ఎక్కువ ప్లస్‌గా ఉన్న వైపుకూ, క్యాస్టరు (పక్కనుంచి చూస్తే చక్రం స్టీరింగుతో తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తక్కువగా ఉన్న వైపుకూ లాగుడు ఉంటుంది. రెండు పక్కల మధ్య తేడా అర డిగ్రీ దాటితే నేను ఊరుకోను. మీ కాగితంలోని అంకెలు ఇక్కడ పెట్టండి.

పనిలో పనిగా, బ్రేకులు పెద్దగా వాడకుండా పదిహేను కిలోమీటర్లు నడిపి ఆపి, ముందరి రెండు రిమ్ముల దగ్గరా చెయ్యి తాకించకుండా ఉంచి వేడిని పోల్చండి. ఒకటి స్పష్టంగా ఎక్కువ వేడిగా ఉంటే అక్కడ కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పూర్తిగా వదలడం లేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. క్యాంబరు ఎడమ మైనస్ 0.4, కుడి మైనస్ 0.5, క్యాస్టరు ఎడమ 3.2, కుడి 3.4. రెండు రిమ్ముల వేడిలో తేడా తెలియలేదు. ఉదయం గాలి చూస్తే ముందు ఎడమ 31, ముందు కుడి 36 ఉంది! రెండింటినీ 33 చేశాక లాగుడు కొంత తగ్గిందిగానీ పోలేదు. ఆదివారం ముందరి చక్రాలను అటూఇటూ మార్చాను. ఇప్పుడు కారు కుడివైపుకు లాగుతోంది.

రెండవ సమాధానం ఇచ్చినవారు

అయితే కారులో లోపం లేదు. ఇప్పుడు ఏ టైరో తేల్చాలి. కుడి పక్కన మొదట ఎడమకు ఉన్న టైరు ఉంది. దానిని అదే పక్కన వెనుక చక్రంతో మార్చి నడపండి. కారు తిన్నగా పోతే దోషి అదే, లాగుడు తగ్గకపోతే రెండవది. వెనుక చక్రాలు స్టీరింగుతో తిరగవు కనుక అక్కడ ఈ లోపం అంతగా తెలియదు. చాలామంది దానిని అలాగే వెనుక ఉంచేసి సమస్య తీరిందనుకుంటారు. టైర్లను ముందూ వెనుకా మార్చే రోజు వచ్చినప్పుడు అది మళ్లీ ముందుకు వస్తుంది, కాబట్టి మీరు ఆ పని చేయకండి.

మూడవ సమాధానం ఇచ్చినవారు

లోపలి వైపు, బయటి వైపు అన్న భేదం గానీ తిరిగే దిశ గానీ లేని టైరు అయితే, దానిని రిమ్ము నుంచి ఊడదీసి తిరగవేసి ఎక్కించినా లాగుడు దిశ తిరగబడుతుంది. ఎదుటి టైరులోని చిన్న లోపంతో దానిని సరిపెట్టడానికి కొందరు మెకానిక్కులు అలా చేస్తారు. కొత్త టైరుకు మాత్రం నేను ఆ దారి ఒప్పుకోను, మార్చి ఇమ్మనే అడుగుతాను. పక్కగోడపై ఉన్న తయారీ సంఖ్య ఫొటో తీసుకుని, మీరు చేసిన మార్పిడుల ఫలితాలూ వరుసగా రాసి ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు

మొదట ముందు ఎడమకు ఉన్న టైరే దోషి అని తేలింది. దుకాణదారు తొలుత ఒప్పుకోలేదు. సుద్ద గుర్తులున్న చక్రాలను వారి ఎదుటే మార్చి, పక్కన కూర్చోబెట్టుకుని రెండుసార్లు నడిపి చూపించాక అదే రకం వేరే టైరు ఇచ్చారు. మళ్లీ అలైన్‌మెంటు యంత్రంపై పెట్టి చూస్తే అంకెలు పదోవంతు డిగ్రీ కూడా మారలేదు. కారు మాత్రం 80 వద్ద చేతులు సడలించినా తిన్నగానే పోతోంది.