గాయాన్ని తెర మీద చూపించాలా, దాచాలా?

పర్లాకిమిడి మ్యాట్నీ:
'గ్రీన్ రూమ్' (2015) నిన్న మళ్ళీ చూశాను. చూడనివాళ్ళకు కథ: అమెరికాలో ఒక చిన్న పంక్ (గోలగా ఉండే రాక్ సంగీతం) బ్యాండ్ నియో నాజీల (హిట్లర్‌ని ఆరాధించే జాత్యహంకారుల) క్లబ్బులో పాడడానికి వెళ్తుంది. అక్కడి గదిలో శవం కంటబడుతుంది. అదే గదిలో ఇరుక్కుపోతారు. తలుపు సందులోంచి తుపాకీ ఇవ్వబోయిన కుర్రాడి చెయ్యిని బయటివాళ్ళు కోసేస్తారు. ఆ చెయ్యిని మనకు చూపిస్తారు కూడా. చూపించాల్సిందే అంటాను. పాతపట్నం వెళ్ళి మనం చూసే మాస్ సినిమాల్లో ఒక్క ఫైట్‌కి ముప్పై మంది గాల్లోకి లేస్తారు, ఒక్కడికీ నొప్పి పుట్టదు. ఇక్కడ ఆ గాయం చివరిదాకా వాడిని వదలదు.

రాయగడ ప్యాసింజర్:
ఒప్పుకోను. 'సైకో' (1960) స్నానాల గది హత్య సీన్లో డైరెక్టర్ హిచ్‌కాక్ వాడిన నెత్తురు చాక్లెట్ సిరప్. కత్తి దిగడం దాదాపు కనబడనే కనబడదు. అయినా ఇప్పటికీ వణుకే. టెన్షన్ పుట్టించడం చేతకానివాళ్ళే కోసి చూపిస్తారు.

పర్లాకిమిడి మ్యాట్నీ:
చేతకాకపోవడమా! కోతకు ముందు తలుపు దగ్గర బేరం ఎంతసేపు నడుస్తుందో చూడు తమ్ముడూ. ముఠా నాయకుడిగా వేసిన ప్యాట్రిక్ స్టీవర్ట్ గొంతే పెంచడు, లోన్ కాగితాలు అడిగే బ్యాంకు మేనేజరులా మాట్లాడతాడు. నాకు చెమట పట్టింది అక్కడే.

గుణుపురం మాస్టారు:
హాల్లో 'ఎ' సర్టిఫికెట్ చూసి పిల్లల్ని ఆపుతారు. ఇంట్లో ఫోన్ ఎవరు లాక్కుంటారు?

పర్లాకిమిడి మ్యాట్నీ:
అది వేరే చర్చ మాస్టారూ.

బరంపురం నైట్‌డ్యూటీ:
నేను క్యాజువాలిటీలో నర్సుని. కోతల రోజుల్లో కొడవలి తగిలిన చేతులు వస్తుంటాయి. తువ్వాలు విప్పుతుంటే చాలామంది మొహం గోడవైపు తిప్పుకుంటారు. నొప్పి మాట తర్వాత, ముందు "వేళ్ళు ముడుచుకుంటాయా సిస్టర్?" అని అడుగుతారు. ఆ సినిమాలో గాయానికి డక్ట్ టేప్ (పైపులకు, అట్టపెట్టెలకు వేసే గట్టి అంటుడు టేపు) చుడితే నాకు నవ్వు రాలేదు. గట్టిగా అదిమి కడితే నెత్తురు తగ్గుతుంది, అది నిజం. కాబట్టి చూపించడం తప్పు కాదు, ఎంతసేపు అన్నదే నా పేచీ. ఒక్క క్షణం చూపించి, తర్వాత వాడి మొహం చూపించాలి. అదేపనిగా గాయం మీదే నిలబడితే నాకు మేకప్పే కనిపిస్తుంది, మనిషి కనబడడు.

రాయగడ ప్యాసింజర్:
ఒక్క క్షణం అంటే సరే అక్కా. మరి కుక్కలు గొంతు పట్టుకునే సీన్?

బరంపురం నైట్‌డ్యూటీ:
అది ఫార్వర్డ్ కొట్టేశాను బాబూ. డ్యూటీలో కుక్కకాటు కేసులు చాలు.