డిస్నీ వరల్డ్‌లో అమ్మకు స్కూటర్ (నడవలేనివాళ్లు కూర్చుని నడుపుకునే మోటారు బండి) మంచిదా, వీల్‌చెయిరా?

నమస్కారం అండీ. డిసెంబరులో అమ్మను అమెరికాలోని ఒర్లాండోలో ఉన్న డిస్నీ వరల్డ్ వినోద పార్కుకు తీసుకెళ్తున్నాం. పక్షవాతం వచ్చాక ఆమె ఎడమకాలు పట్టు తప్పింది. చెయ్యి పట్టుకుంటే నాలుగడుగులు వేస్తుంది, అంతే.

జంగిల్ క్రూజ్, ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్ రైడ్లలో వీల్‌చెయిర్‌తోనే ఎక్కించే పడవలున్నాయి. మోటారు స్కూటర్ అయితే అక్కడ దిగి వీల్‌చెయిర్‌లోకి మారాలి. హాంటెడ్ మాన్షన్ అనే దయ్యాల ఇంటి రైడ్‌లో మాత్రం వీల్‌చెయిర్ దిగి రైడ్ బండిలోకి మారాల్సిందే, సిబ్బంది ఎత్తి కూర్చోబెట్టరు. నా టెన్షనంతా అక్కడే.

పోయినసారి వేరే పార్కులో రైడ్ గేటు దాకా వెళ్లాక కుదరదన్నారు. "మీరు వెళ్లిరండి, నేనిక్కడే కూర్చుంటా" అంది అమ్మ. ఆ మాట మళ్లీ వినలేను.

ఒకవైపే బలం ఉన్నవాళ్లను ఇలా ఎక్కించిన అనుభవం ఎవరికైనా ఉందా? ఏ వైపు నుంచి ఎక్కిస్తే సులువు? రోజంతా వీల్‌చెయిర్ నెట్టడమే నయమా? దయచేసి చెప్పండి.