స్విట్జర్లాండ్, ఈయూ కొత్త ప్యాకేజీ: ఇది భాగస్వామ్యమా, తల ఊపడమా?
(ఆన్‌లైన్ చర్చ. ప్రతి పోస్టు పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

రైన్ ఒడ్డు
ఇల్లు జర్మనీ వైపు వైల్ ఆమ్ రైన్‌లో, ఉద్యోగం స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో. పొద్దున 8వ నంబరు ట్రామ్ ఎక్కితే, ఫోన్‌లోంచి తల ఎత్తి చూస్తే తప్ప సరిహద్దు ఎక్కడ దాటామో తెలియదు. నాలాగా రోజూ బయటి నుంచి స్విట్జర్లాండ్‌కి పనికొచ్చేవాళ్లు దాదాపు 4 లక్షల మంది ఉన్నారు. ఈ రాకపోకలకు ఆధారం, సభ్యదేశం కాని స్విట్జర్లాండ్‌కీ ఈయూ (యూరోపియన్ యూనియన్)కీ మధ్య 1999లో సంతకమై 2002 జూన్‌లో అమల్లోకి వచ్చిన ఏడు ఒప్పందాల కట్ట. దాని మీద ఇప్పుడు కొత్త ప్యాకేజీ తయారైంది. చర్చలు 2024 డిసెంబర్ 20న ముగిశాయి. అసలు గొడవంతా ఒక షరతు దగ్గరే. స్విట్జర్లాండ్ ఈయూ మార్కెట్‌లో పాలుపంచుకునే రంగాల్లో ఈయూ చట్టం మారినప్పుడల్లా ఇక్కడా మార్చుకోవాలి. కుదరదంటే మధ్యవర్తుల ప్యానెల్‌కి వెళ్తుంది. ఈయూ చట్టానికి అర్థం చెప్పాల్సి వస్తే మాత్రం చివరి మాట ఈయూ కోర్టుదే.

స్విట్జర్లాండ్‌కి ఓటు లేని చోట తయారైన చట్టాన్ని అది తీసుకోవడాన్ని భాగస్వామ్యం అనొచ్చా? అనొచ్చనే నా అభిప్రాయం. ముందు మీరు తిట్టండి, తర్వాత చెప్తాను.

కొండ మీద కోతి
తిట్టడానికేముందండీ, మీ జీతం దాని మీద ఆధారపడి ఉంది, మీరు అలాగే అంటారు. 1992 డిసెంబర్ 6న యూరోపియన్ ఎకనామిక్ ఏరియాలో (ఈయూ సభ్యులు కాని దేశాలనూ ఈయూ మార్కెట్‌లో కలిపే ఏర్పాటు) చేరేది లేదని ఈ దేశం 50.3 శాతం ఓట్లతో చెప్పింది. వాకిట్లోంచి రావద్దన్నదాన్ని ఇప్పుడు పెరటి గుమ్మంలోంచి తెస్తున్నారు. ఆ ఏరియాలో ఉన్న నార్వేలో దీనికి ఒక పేరే పెట్టుకున్నారు, ఫ్యాక్స్ ప్రజాస్వామ్యం అని. బ్రస్సెల్స్ నుంచి ఫ్యాక్స్ వస్తుంది, ఓస్లోలో స్టాంప్ పడుతుంది. 2011లో ఒక్కసారి పోస్టల్ డైరెక్టివ్ (తపాలా సేవల మీద ఈయూ చట్టం) వద్దన్నారు. రెండేళ్లకు ప్రభుత్వం మారింది, ఆ వద్దన్నదీ పోయింది.

మరమేకు
నేను చిన్న వైద్య పరికరాల కంపెనీలో పని చేస్తాను. విరిగిన ఎముకలకు వేసే స్క్రూలు, ప్లేట్లు చేస్తాం. ఈ ప్యాకేజీకి ముందు ఈయూతో సాగిన ఫ్రేమ్‌వర్క్ ఒప్పందం చర్చలను స్విస్ ఫెడరల్ కౌన్సిల్ (ఇక్కడి ప్రభుత్వం) ఆపేసింది 2021 మే 26న. ఈయూలో వైద్య పరికరాల కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చిందీ సరిగ్గా ఆ రోజే. మా రంగానికి సంబంధించిన పరస్పర గుర్తింపును (ఒకచోట ఆమోదించినదాన్ని రెండోచోటా ఒప్పుకునే ఏర్పాటు) ఈయూ అప్‌డేట్ చేయలేదు. అంతే, రాత్రికి రాత్రి మేం 'మూడో దేశం', అంటే బయటి దేశం అయిపోయాం.

చేతిలో పట్టుకుని చూస్తే అదేంటో చెప్తాను. అరచేతిలో పట్టే పెట్టె, లోపల నాలుగు స్క్రూలు. పెట్టె మీద ఇప్పుడు ఈయూలో ఉండే మా అధీకృత ప్రతినిధి పేరు, అడ్రస్ ఉండాలి. ఆయనకు ఏటా ఫీజు. ప్రతి సైజుకీ లేబుల్ మళ్లీ డిజైన్ చేయాలి. స్క్రూ మాత్రం అదే, ఒక్క మర కూడా మారలేదు. పెద్ద కంపెనీలు తట్టుకున్నాయి. మేం రెండు రకాల ఉత్పత్తులు అమ్మడం మానేశాం. ఓటు లేకపోవడం అవమానం అంటున్నారు కదా, మరి దీన్నేమంటారు?

కొండ మీద కోతి
దీన్ని బెదిరింపు అంటాను. మీ కథ నా వాదనకే బలం. వైద్య పరికరాలకూ ఫ్రేమ్‌వర్క్ ఒప్పందానికీ ఏమిటి సంబంధం? 2019 జులై నుంచి స్విస్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్ గుర్తింపును ఈయూ పొడిగించలేదు, అదీ ఇలాగే ఒత్తిడి కోసమే. అప్పుడు స్విస్ వాళ్లు ఊరుకోలేదు. స్విస్ షేర్లు ఈయూ వేదికల్లో ట్రేడ్ కాకుండా ఆపేశారు, ఆ వ్యాపారమంతా జ్యూరిక్‌కి వచ్చి పడింది. నష్టపోయింది ఎవరు? తలవంచకపోతే ఏమవుతుందో ఒకసారి చూశాం కదా.

ల్యాబ్ కోటు
షేర్లను జ్యూరిక్‌కి రప్పించవచ్చు గానీ రీసెర్చ్‌ని రప్పించలేరు గారూ. 2021 నుంచి హొరైజన్ యూరప్‌లో (ఈయూ రీసెర్చ్ నిధుల కార్యక్రమం) స్విట్జర్లాండ్‌ని పక్కన పెట్టారు. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ గ్రాంట్ కావాలంటే ఇక్కడి యూనివర్సిటీ వదిలి పోవాల్సిందే. దానికి బదులుగా స్విస్ ప్రభుత్వం డబ్బు ఇచ్చింది, కాదనను. కానీ మా గ్రూప్‌లో ఒకాయన గ్రాంట్‌తో పాటు ఈయూకి వెళ్లిపోయారు. ఆయన వెంట ఒక మైక్రోస్కోప్, ఇద్దరు పీహెచ్‌డీ పిల్లలు. 2025 నుంచి మళ్లీ తలుపు తెరిచారు, అదీ ఈ ప్యాకేజీ కుదిరాకే. ఆయన మాత్రం తిరిగి రాలేదు.

రైన్ ఒడ్డు
కోతి గారి మాటే పట్టుకుంటాను. అది బెదిరింపే, నేనూ ఒప్పుకుంటా. అయితే ఒప్పందం లేనప్పుడు జరిగిన బెదిరింపు అది. కాదన్నందుకు ఎంత మూల్యమో ఎవరికీ తెలియదు, ఈయూకి ఆ రోజు ఏది తోస్తే అది. ఒకసారి షేర్లు, ఒకసారి స్క్రూలు, ఒకసారి రీసెర్చ్. కొత్త ప్యాకేజీ ప్రకారం కాదంటే ఈయూ తీసుకునే చర్య ఆ తప్పుకు తగ్గట్టే ఉండాలి, మార్కెట్ ఒప్పందాల పరిధి దాటకూడదు. మితిమీరిందా లేదా అన్నది ప్యానెల్ తేలుస్తుంది. కాదనే హక్కు పోవడం లేదు, దాని ధర ముందే రాసి పెడుతున్నారు. చిన్న దేశానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇంకోటి, ఇలా చట్టం తీసుకోవడం కొత్తేమీ కాదు. షెంగెన్‌లో (సరిహద్దుల్లో పాస్‌పోర్టు తనిఖీ లేకుండా చేసే ఒప్పందం) ఎప్పటి నుంచో ఉంది. ఈయూ ఆయుధాల నిబంధనల మీద 2019 మేలో ఓటు పెడితే 63.7 శాతం సరే అన్నారు. ఈయూ సరిహద్దు కాపలా సంస్థ ఫ్రాంటెక్స్ మీద 2022లో 71.5 శాతం. ఆ రెండూ జనాన్ని అడక్కుండా జరగలేదు.

కొండ మీద కోతి
తుపాకీ చట్టానికి ఓటేసిన రోజు పోస్టర్లు చూశారా? వద్దంటే షెంగెన్ పోతుందన్నదే ప్రచారం. తలకి గురిపెట్టి తుపాకీ చట్టం మీద ఓటు అడిగారు, తమాషా.

రెంచి
మీరంతా సార్వభౌమత్వం దగ్గరే ఆగిపోయారు. నేను యూనియన్‌లో తిరిగేవాణ్ణి, నా టెన్షన్ వేరే. ఈయూ కంపెనీ ఇక్కడికి టైల్స్ వేసే పనివాళ్లని పంపాలంటే ఇప్పటివరకు 8 రోజుల ముందు చెప్పాలి. ఇన్‌స్పెక్టర్ వచ్చి జీతం ఇక్కడి రేటులో ఇస్తున్నారా అని చూడ్డానికి ఆ గడువు. కొత్తదాంట్లో 4 పని దినాలకు దించారు. బాత్రూమ్ టైల్స్ పని ఎన్ని రోజులు? ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి సిమెంట్ ఆరిపోయి ఉంటుంది. దీనికి బదులుగా స్వదేశంలో ప్రభుత్వం జీతాల రక్షణ చర్యలు పెడుతోంది, అందుకే మావాళ్లు కొంచెం మెత్తబడ్డారు. ఆ చర్యల్లో పార్లమెంటు ఒక్కటి తీసేసినా, ప్యాకేజీ మీద జనం ఓటులో నేను వద్దనే వేస్తాను.

పాత లెక్కలు
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదే. ప్యాకేజీ ప్రకారం 2030 నుంచి 2036 వరకు స్విట్జర్లాండ్ ఈయూకి ఏటా 35 కోట్ల ఫ్రాంకులు కట్టాలి. మరీ ఎక్కువేం కాదు, ఎగుమతుల్లో దాదాపు సగం ఈయూకే పోతున్న దేశానికి.

ప్యాకేజీలో ఉన్న కరెంటు ఒప్పందం మీద మాత్రం వివరంగా మాట్లాడాలి. 2003 సెప్టెంబర్ 28, తెల్లవారుజామున 3 గంటలకు స్విస్ కొండల్లోని లుక్‌మానియర్ దగ్గర హైవోల్టేజ్ లైన్ ఒక చెట్టుకు దగ్గరై ట్రిప్ అయింది. లోడ్ పక్క లైన్ల మీద పడింది, సుమారు 25 నిమిషాలకు సాన్ బెర్నార్డినో లైన్ కూడా పడిపోయింది. ఆ తర్వాత కొన్ని నిమిషాల్లో దాదాపు ఇటలీ అంతా చీకటి. స్విస్ కొండల్లో కొమ్మ నరక్కపోతే రోమ్‌లో లైట్లు ఆరిపోతాయి. తీగలు 40కి పైగా చోట్ల సరిహద్దు దాటుతున్నాయి, వాటిని నడిపే నిబంధనలు రాసే గదిలో మాత్రం స్విస్ వాళ్లకు కుర్చీ లేదు. సార్వభౌమత్వం ఆ తీగ మీద ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కోతి గారు చూపించాలి.

కొండ మీద కోతి
కరెంటు విషయంలో మీరన్నది సబబే, ఒప్పుకుంటున్నాను. ఆ ఒక్క ఒప్పందం విడిగా పెడితే నేనే ఓటేయమంటాను. నా అసలు కోపం వేరే. 1992లో జనం ఓట్లతో పాటు కాంటన్ల (మన రాష్ట్రాల్లాంటివి) మెజారిటీ కూడా కావాల్సి వచ్చింది, 23 కాంటన్ ఓట్లలో 16 వద్దన్నాయి. ఇప్పుడు ఫెడరల్ కౌన్సిల్ జనం మెజారిటీ ఒక్కటే చాలంటోంది. ఉరి, ష్విట్స్ లాంటి చిన్న కాంటన్లను అడక్కుండా దాటేద్దామనే కదా?

రైన్ ఒడ్డు
ఈ ఒక్కదాంట్లో నేను మీ పక్షమే. చట్టం ప్రకారం సరిపోవచ్చు, కానీ ఇంత పెద్ద మార్పును కాంటన్లను అడక్కుండా గట్టెక్కిస్తే పదేళ్లపాటు ఇదే గొడవ. నాకు ఇక్కడ ఓటు లేదనుకోండి, 8వ నంబరు ట్రామ్ మాత్రమే ఉంది. రెంచి గారూ, ఆ 4 రోజుల సంగతి ఇంకా వివరంగా రాయండి. ఏ రంగాలకు వర్తిస్తుంది, పనివాళ్లని పంపే కంపెనీల దగ్గర ముందే డిపాజిట్ కట్టించుకునే పద్ధతి ఎవరెవరికి ఉంటుంది? దాని మీద నా అభిప్రాయం ఇంకా కుదురుకోలేదు.